వినికిడి యంత్రం కొనుగోలు చరిత్ర: వి.పి.పి. నుండి అంతర్జాలం దాకా – పెదపాడు నేపథ్యం

వ్యాససంగ్రహం

చెవుడుకు పరిష్కారాన్ని దూరం నుండి తెప్పించుకోవడం అంతర్జాలంతో మొదలైన పద్ధతి కాదు. తపాలా ద్వారా మందులు కొన్న కాలం, ప్రభుత్వ శిబిరాలలో యంత్రాలు పంచిన కాలం, నేటి అంతర్జాల విపణి – ఈ మూడు దశలలోనూ వస్తువు ఊరికి చేరింది. చెవిని కొలిచే పని మాత్రం ఊరికి దూరంగానే ఉండిపోయింది. ఏలూరు పొరుగునున్న పెదపాడు మండలాన్ని దృష్టిలో ఉంచుకుని ఈ పరిణామాన్నీ, దాని వెంట నడిచిన చట్టాలనూ పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: చెవుడు, వినికిడి యంత్రం, వి.పి.పి., శిబిరం, ఆడియోగ్రామ్, వినియోగదారుల చట్టం, పెదపాడు.

1. ఉపోద్ఘాతం

వినికిడి లోపానికి తెలుగులో ఉన్న మాటలే దాని సామాజిక చరిత్రను కొంత చెబుతాయి. సుశ్రుతసంహిత పేర్కొన్న 28 కర్ణరోగాలలో బాధిర్యం ఒకటి. వాడుకలో చెవుడు, చెముడు ఉన్నాయి; ఏమాత్రం వినబడని స్థితికి బ్రహ్మచెవుడు అని వేరే పేరుంది. అంటే తీవ్రతలో భేదం జనానికి తెలుసు. అయినా ‘చెవిటివాని ముందు శంఖమూదినట్లు’ అన్న సామెతలో లోపమంతా వినలేనివానిదే. ఊదేవాని వైపు ఏ బాధ్యతా లేదు. యంత్రం వచ్చిన తరువాత కూడా ఈ దృష్టి పెద్దగా మారలేదు. యంత్రం పెట్టుకున్నా మాట తెలియకపోతే, అది ఆ చెవికి తగినదేనా అని అడగడానికి ముందే, పెద్దవారికి అలవాటు కాలేదని తేల్చివేయడం ఇళ్లలో మామూలు.

పెదపాడు వరి, చేపల చెరువుల ప్రాంతం. 1985లో మండల వ్యవస్థ ఏర్పడినప్పుడు పశ్చిమ గోదావరి జిల్లాలోనూ, 2022 ఏప్రిల్ 4 నుండి ఏలూరు జిల్లాలోనూ ఉంది. డీజిల్ ఇంజన్లు, ధాన్యం మిల్లులు, ఏలూరులోని జనపనార మిల్లు మగ్గాలు ఈ ప్రాంతపు శ్రమజీవనంలో భాగాలు. దీర్ఘకాలం పెద్ద చప్పుడుకు గురైతే చెవి దెబ్బతింటుందన్న సంగతిని చట్టం కూడా గుర్తించింది. 1948 నాటి కర్మాగారాల చట్టానికి 1987లో జరిగిన సవరణతో, చప్పుడు వల్ల కలిగే వినికిడి నష్టం అధికారులకు తెలియజేయవలసిన వృత్తివ్యాధుల పట్టికలో చేరింది. మిల్లు కార్మికునికి ఈ చట్టం వర్తించేది. చెరువు గట్టున ఇంజను దగ్గర పనిచేసే కూలీకి ఆ పట్టిక వల్ల ఒరిగింది లేదు.

2. తపాలా దశ

భారతదేశంలో వి.పి.పి. పద్ధతి 1877లో ప్రారంభమైంది. వస్తువు ఇంటికి వచ్చాక పోస్టుమాన్‌కు సొమ్ము చెల్లించే ఈ ఏర్పాటు పట్టణ దుకాణాన్ని పల్లె గడప దాకా తెచ్చింది. తెలుగు పత్రికలకూ మందుల వ్యాపారానికీ ఉన్న అనుబంధం తెలిసినదే. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనం ప్రారంభించి, 1908లో అక్కడి నుండే ఆంధ్రపత్రికను వెలువరించారు. ‘వి.పి.పి.లో పంపబడును’ అన్న వాక్యం పత్రికా పాఠకులకు చిరపరిచితం. కొనేవాడు వస్తువును ముందుగా చూడడు. ప్రకటనలోని మాటను నమ్ముతాడు. నేటి ‘క్యాష్ ఆన్ డెలివరీ’ ఈ పాత పద్ధతికి కొత్త పేరు మాత్రమే.

ఇటువంటి అమ్మకాలకు చెవుడు అనువైన సరుకు. రోగి తన లోపాన్ని నలుగురిలో చెప్పుకోవడానికి సిగ్గుపడతాడు. బయటికి వెళ్లకుండా, ఎవరికీ తెలియకుండా నయమవుతుందన్న ప్రకటన అతనికి నచ్చుతుంది. అమెరికాలో 19వ శతాబ్ది చివర నుండే లూయీవిల్ నగరానికి చెందిన విల్సన్ కంపెనీ ‘కృత్రిమ కర్ణభేరి’ని తపాలా ద్వారా అమ్మేది. చెవుడు నయం చేస్తామన్న తపాలా వ్యాపారాల బూటకాన్ని అమెరికన్ వైద్యసంఘం 20వ శతాబ్ది తొలి దశకాలలో బయటపెట్టింది.

భారతదేశంలో ఈ సమస్యకు చట్టరూపమైన సమాధానం 1954లో వచ్చింది. ఔషధాలు, మాంత్రిక చికిత్సల ఆక్షేపణీయ ప్రకటనల చట్టం తన పట్టికలో పేర్కొన్న వ్యాధులను నయం చేస్తామని ప్రకటించడాన్ని నిషేధించింది. ఆ పట్టికలో చెవుడు ఉంది. ఇక్కడ ఒక సూక్ష్మం గమనించాలి: ఆ చట్టం ప్రకటనను అదుపు చేసింది. అమ్మిన వస్తువు చెవికి తగినదా కాదా అన్న ప్రశ్న దాని పరిధిలోకి రాలేదు.

3. యంత్రం, శిబిరం

యంత్రం కథను ఇక్కడ క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. టెలిఫోను సూత్రంపై కార్బన్ మైక్రోఫోను యంత్రాలు 19వ శతాబ్ది చివర వచ్చాయి. తరువాత వాక్యూమ్ ట్యూబులు, 1952–53లో ట్రాన్సిస్టరు, 1996లో డిజిటల్ యంత్రాలు. ట్రాన్సిస్టరును కనిపెట్టిన బెల్ సంస్థ, బధిరుల విద్యకు పాటుపడిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ స్మారకంగా, వినికిడి యంత్రాల తయారీదారుల నుండి రాయల్టీ తీసుకోలేదు. చెవుడును కొలిచే డెసిబెల్ పేరులోనూ ఆయనే ఉన్నాడు.

తెలుగు పల్లెలకు ఈ యంత్రం ప్రధానంగా శిబిరం ద్వారా పరిచయమైంది. 1972లో స్థాపితమైన కాన్పూరు అలిమ్కో కృత్రిమ అవయవాలతో పాటు వినికిడి యంత్రాలనూ తయారుచేసింది. 1981లో కేంద్రప్రభుత్వం వికలాంగులకు ఉపకరణాలు ఇచ్చే ఆడిప్ పథకం ప్రారంభించింది. 1983లో బొంబాయిలో ఏర్పడిన జాతీయ శ్రవణ వికలాంగుల సంస్థకు అలీ యావర్ జంగ్ పేరు పెట్టారు. ఆయన హైదరాబాదీయుడు, ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపకులపతి. ఆ సంస్థ ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాదులో ఉంది.

శిబిరం చేసిన మేలు తక్కువది కాదు. డబ్బు లేనివారి చేతికి యంత్రం అందినది దాని వల్లనే. కాని శిబిరానికి స్వభావసిద్ధమైన పరిమితి ఉంది: అది ఒక్కరోజు పని. చొక్కా జేబులో పెట్టి తీగతో చెవికి తగిలించుకునే పెట్టె యంత్రం చేతికిచ్చి పంపితే, నెల తరువాత చెవిలో ఈల వినబడినా, మూస వదులైనా, బ్యాటరీ దొరకకపోయినా సవరించేవారు ఊళ్లో లేరు. తిరిగి ఏలూరుకో విజయవాడకో వెళ్లాలి. ఆ ప్రయాణానికి ఒకరు తోడు రావాలి, ఒకరోజు కూలి పోవాలి. యంత్రం బీరువాలో చేరడానికి ఇంతకంటె పెద్ద కారణం అక్కరలేదు.

చట్టం కూడా కొలతను ధ్రువపత్రం కోసమే వాడింది. 1995 చట్టం మెరుగైన చెవిలో 60 డెసిబెల్స్ లేదా అంతకు మించిన నష్టాన్ని వైకల్యంగా నిర్వచించింది. 2016 చట్టం రెండు చెవులలో 60–70 డెసిబెల్స్ నష్టమున్నవారిని వినికిడి మందగించినవారుగా, 70 డెసిబెల్స్ నష్టమున్నవారిని బధిరులుగా గుర్తించింది. 45 డెసిబెల్స్ నష్టమున్న వృద్ధుడు ఈ నిర్వచనాలలో లేడు. కాని ఇంట్లో మాట అందక ఇబ్బంది పడేవారిలో అతడున్నాడు. అంతర్జాల విపణికి దొరికిన కొనుగోలుదారుడు సరిగ్గా ఇతడే.

4. అంతర్జాల విపణి

ఫోను తెరపై ‘వినికిడి యంత్రం’ అని వెదికితే రెండు వేరు వస్తువులు ఒకే వరుసలో కనబడతాయి. ఒకటి శబ్దాన్ని పెంచే యాంప్లిఫయర్. కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. రెండవది చెవిని పరీక్షించి, ఆ ఫలితానికి అనుగుణంగా ప్రోగ్రాము చేసే డిజిటల్ యంత్రం. వేల నుండి లక్షల రూపాయల దాకా ఉంటుంది. మొదటిది అన్ని శబ్దాలనూ ఇంచుమించు ఒకే తీరున పెంచుతుంది. గిన్నెల చప్పుడు, ఫ్యాను హోరు, మనుమరాలి మాట కలిసి పెద్దవవుతాయి.

తెలుగు వినేవారికి దీని పర్యవసానం ప్రత్యేకంగా చెప్పదగినది. వయసు వల్ల వచ్చే లోపం సాధారణంగా పైస్థాయి శబ్దాలతో మొదలవుతుంది. అచ్చులకు బలం కింది స్థాయిలో ఉంటుంది; స, శ, చ, త వంటి హల్లుల గుర్తింపు పైస్థాయిపై ఎక్కువగా ఆధారపడుతుంది. తెలుగు మాటలు ఎక్కువగా అజంతాలు కనుక, మాట సాగుతున్నట్టు, ముగిసినట్టు చెవికి తెలుస్తూనే ఉంటుంది. కాని అది పాలా, తాలా, కాలా అన్నది తెలియదు. ‘వినబడుతోంది గాని అర్థం కావడం లేదు’ అన్న ఫిర్యాదు ఇక్కడ పుట్టినది. దానికి మందు గట్టిగా అరవడం కాదు, ఏ స్థాయిలో ఎంత లోపముందో కొలిచి అంతమేరకే పెంచడం. ఆ కొలత కాగితమే ఆడియోగ్రామ్. 250 నుండి 8000 హెర్ట్జ్ వరకు ఒక్కో చెవికి విడివిడిగా తీస్తారు. చెవిలో గులిమి గడ్డకట్టడం, చీము కారడం వంటివి ఉంటే యంత్రం కంటె ముందు వైద్యం అవసరం. ఆ సంగతి తెర మీది ఏ ప్రశ్నావళీ చెవిలోకి తొంగి చూసి చెప్పలేదు.

కొల్లేటి ప్రాంతపు తేమ మరొక సమస్య. చెమట, తేమ యంత్రంలోకి చేరితే శబ్దం తెగిపోతుంది. రాత్రిపూట సిలికా జెల్ ఉన్న డబ్బాలో ఉంచడం అలవాటు కావాలి. జింక్–ఎయిర్ బ్యాటరీలలో 10, 312, 13, 675 అని నాలుగు పరిమాణాలున్నాయి. పసుపు, గోధుమ, నారింజ, నీలం రంగు చీటీలు వాటికి గుర్తు. చీటీ తీసిన క్షణం నుండి బ్యాటరీ ఆయువు తరుగుతుంది. యంత్రం తెప్పించే ముందు ఆ పరిమాణం బ్యాటరీ ఏలూరులో దొరుకుతుందో లేదో కనుక్కోవడం ధర పోల్చడమంత ముఖ్యం.

అమెరికాలో 2022 అక్టోబరు 17 నుండి, స్వల్ప, మధ్యమ లోపమున్న 18 ఏళ్లు దాటినవారికి వైద్యుని చీటీ లేకుండా యంత్రం అమ్మవచ్చు. ఆ నిబంధన అక్కడిది. భారతదేశంలో 2020 ఏప్రిల్ 1 నుండి వైద్య ఉపకరణాలన్నీ ఔషధ చట్టం పరిధిలోకి వచ్చాయి. చెవుడు ప్రకటనలపై నిషేధానికీ, చెవికి పెట్టే వస్తువుపై నియంత్రణకూ మధ్య 66 ఏళ్ల ఎడం ఉంది. ఆడియాలజిస్టు అర్హతకు మాత్రం అంతకు ముందే, 1992 నాటి భారత పునరావాస మండలి చట్టం కింద, నమోదు తప్పనిసరి అయింది.

కొనుగోలుదారునికి నిజమైన మార్పు 2019 వినియోగదారుల రక్షణ చట్టంతో వచ్చింది. 1986 చట్టం కింద అమ్మకందారు ఉన్న చోటనో, వివాదం పుట్టిన చోటనో ఫిర్యాదు చేయాలి. 2019 చట్టం ఫిర్యాదుదారు నివసించే చోటనే ఆ వీలు కల్పించింది. 2020 ఈ–కామర్స్ నియమాల ప్రకారం సంస్థ తన ఫిర్యాదుల అధికారి పేరు ప్రకటించాలి. ఆ అధికారి 48 గంటలలో ఫిర్యాదు అందినట్టు తెలిపి, నెలలోగా పరిష్కరించాలి. పెదపాడులో యంత్రం అందుకున్నవారు దూరనగరానికి పోకుండా తమ జిల్లా కమిషన్‌కే వెళ్లవచ్చు. అక్కడ చూపడానికి బిల్లు, అమ్మకందారు చిరునామా, ప్రకటన పేజీ నకలు ఉంటాయి. కొనుగోలుకు ముందు తీయించిన ఆడియోగ్రామ్ లేకపోతే, ఆ యంత్రం ఆ చెవికి తగినది కాదని చూపే కాగితం మాత్రం ఉండదు.