టర్బోఛార్జరు బూస్టు పీడనం

టర్బోఛార్జరు అమర్చిన ఇంజనులోకి గాలిని వాతావరణ పీడనం కంటే ఎంత ఎక్కువ పీడనంతో పంపుతారో ఆ అదనపు పీడనాన్ని బూస్టు పీడనం లేదా బూస్టు అంటారు. దీనిని బార్లలో గాని, చదరపు అంగుళానికి పౌండ్లలో (పీఎస్ఐ) గాని కొలుస్తారు. ఒక బార్ సుమారు 14.5 పీఎస్ఐకి సమానం. మీటరు 0.7 బార్ చూపుతున్నపుడు సముద్రమట్టం వద్ద ఇంజనులోకి వెళ్ళే గాలి మొత్తం పీడనం సుమారు 1.7 బార్లు ఉంటుంది. 1970, 1980 దశకాల పెట్రోలు కార్లలో కంపెనీ అమర్చిన టర్బోకు ఎంత బూస్టు సురక్షితమో చెప్పడానికి అన్ని కార్లకూ వర్తించే సంఖ్య ఏదీ లేదు. ఆయా ఇంజనుకు తయారీదారు నిర్ణయించిన విలువే దీనికి ప్రమాణం.

పనిచేసే విధానం

ఇంజను నుండి వెలువడే వేడి ఎగ్జాస్టు వాయువులు టర్బైన్ చక్రాన్ని తిప్పుతాయి. అదే ఇరుసు రెండవ కొనన ఉన్న కంప్రెసర్ చక్రం గాలిని అదిమి సిలిండర్లలోకి పంపుతుంది. గాలి పెరిగితే అందుకు తగినంత ఇంధనాన్ని మండించి ఎక్కువ శక్తిని పొందవచ్చు. బూస్టు హద్దు మీరకుండా వేస్టుగేటు అనే కవాటం కాపాడుతుంది. నిర్ణీత పీడనం చేరగానే ఇది తెరచుకొని కొంత ఎగ్జాస్టును టర్బైనుకు తగలకుండా పక్కకు మళ్ళిస్తుంది. పాత కార్లలో ఈ కవాటాన్ని మూసి ఉంచే స్ప్రింగు బలమే ప్రధానంగా బూస్టు పరిమితిని నిర్ణయిస్తుంది.

పరిమితికి కారణాలు

గాలిని అదిమినపుడు అది వేడెక్కుతుంది. కంప్రెసర్ సామర్థ్యం 65 శాతం అనుకుంటే, 27 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉన్న గాలి 0.7 బార్ బూస్టు వద్ద సుమారు 100 డిగ్రీలకు, 1 బార్ వద్ద సుమారు 128 డిగ్రీలకు చేరుతుంది. చిన్న టర్బోను దాని పరిధి దాటి తిప్పితే సామర్థ్యం పడిపోయి, గాలి కంటే వేడి ఎక్కువగా పెరుగుతుంది.

వేడి, పీడనం మితిమీరితే స్పార్కు వలన మొదలైన మంట చేరక ముందే మిగిలిన మిశ్రమం తనంతట తానే పేలినట్లు మండుతుంది. దీనినే నాకింగ్ అంటారు. ఇది కొనసాగితే పిస్టన్లు పగలడం, కరగడం, హెడ్ గ్యాస్కెట్ దెబ్బతినడం జరుగుతాయి. బూస్టుకు తగినంత ఇంధనం అందకపోయినా ఇదే ముప్పు ఉంటుంది.

కొన్ని ఉదాహరణలు

* ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ (1962): సంపీడన నిష్పత్తి 10.25:1, బూస్టు సుమారు 0.34 బార్. నాకింగ్ నివారణకు నీరు, మిథనాల్ కలిసిన ద్రవాన్ని వాడేవారు.
* బీఎండబ్ల్యూ 2002 టర్బో (1973): 6.9:1, 0.55 బార్, 170 అశ్వశక్తి.
* పోర్షే 911 టర్బో (1975): 6.5:1, 0.8 బార్, 260 అశ్వశక్తి.
* సాబ్ 99 టర్బో (1978): 7.2:1, సుమారు 0.7 బార్, 145 అశ్వశక్తి.

ఈ నాలుగింటిలోనూ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ లేదు. సంపీడన నిష్పత్తిని తగ్గించడం వల్లనే చివరి మూడింటిలో ఎక్కువ బూస్టు సాధ్యమయింది. పోర్షే 1978 నమూనాలో ఇంజనును 3.3 లీటర్లకు పెంచి ఇంటర్‌కూలరును చేర్చింది.

పాత కార్లలో జాగ్రత్తలు

కారు పాతబడిన కొద్దీ అసలు పరిమితి కూడా సురక్షితమని చెప్పలేము. వేస్టుగేటు బిగుసుకుపోయినా, దానికి పీడనాన్ని చేరవేసే రబ్బరు గొట్టం చిరిగినా బూస్టు అదుపు తప్పుతుంది. అందువలన ముందుగా సరిగా పనిచేసే మీటరుతో బూస్టును కొలవాలి. సిలిండర్ల కంప్రెషన్, ఇంధన పీడనం, స్పార్కు సమయం పరీక్షించాలి. తయారీదారు సూచించిన ఆక్టేన్ సంఖ్య కంటే తక్కువ గల పెట్రోలు వాడితే బూస్టును తగ్గించవలసి ఉంటుంది. వేగంగా నడిపిన వెంటనే ఇంజనును ఆపితే టర్బో బేరింగులలోని నూనె మాడి గడ్డకడుతుంది. కనుక కొద్దిసేపు నెమ్మదిగా తిరగనివ్వాలి.

నాకింగ్‌ను గుర్తించి బూస్టును తానే తగ్గించే ఏపీసీ విధానాన్ని సాబ్ సంస్థ 1982 నమూనాలలో ప్రవేశపెట్టింది. ఇటువంటి ఏర్పాటు లేని కారులో స్ప్రింగును బిగించి బూస్టు పెంచితే, ఇంధనం నాసిరకమైనా, ఎండ తీవ్రమైనా ఇంజనును కాపాడే సాధనం ఏదీ ఉండదు.

ఇవి కూడా చూడండి

* అంతర్దహన యంత్రం
* ఆక్టేన్ సంఖ్య
* సూపర్‌ఛార్జరు