బదులు దండారి

మా గోండు ఊళ్లలో దండారి అంటే తెలియని పిల్లవాడు ఉండడు. దీపావళికి ముందు రోజుల్లో ఊరి దండారి బయలుదేరుతుంది. నెమలి ఈకల టోపీలు పెట్టుకున్న గుస్సాడీలు, ఆడవేషం కట్టిన పోరికలు, గుమేల, పర్ర, తుడుం, పెప్రె, వెంట పెద్దలు. వెళ్లేది సంబంధాలు కలిసే ఊరికి. ఆ ఊరివాళ్లు ఎదురొచ్చి తీసుకుపోతారు, కాళ్లకు నీళ్లిస్తారు, అన్నం పెడతారు. రాత్రంతా ఆట సాగుతుంది. పడుచువాళ్లు ఒకరినొకరు చూసుకునేది, పెద్దవాళ్లు పెళ్లి మాటలు కలిపేది కూడా అప్పుడే. ఇంతవరకు బయటివాళ్లు చాలామంది చూశారు, రాసుకున్నారు, ఫొటోలు తీసుకున్నారు. వాళ్లు తరచుగా వదిలేసేది ఆ తర్వాతి సంగతి. వచ్చిన ఊరికి ఈ ఊరి దండారి తిరిగి వెళ్లాలి. వెళ్లేదాకా అది ఊరి మీద బాకీ.

ఈ వ్యాసం ఆ బాకీ గురించి. అయితే ఇది మొదలైంది మా అడవిలో కాదు, సికింద్రాబాద్‌లో.

కొన్నేళ్ల కింద ఒక వేసవిలో అక్కడ ఒక హాస్టల్ హాల్లో యూనివర్సిటీ విద్యార్థులకూ విదేశీ వాలంటీర్లకూ కలిపి సాంస్కృతిక మార్పిడి శిబిరం పెట్టారు. చివరిరోజు సాయంత్రానికి మమ్మల్ని పిలిచారు. కాగజ్‌నగర్ నుంచి వచ్చే భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్‌ను ఆసిఫాబాద్ రోడ్‌లో అందుకుని, డోళ్లు ఒళ్లో పెట్టుకుని, జనరల్ పెట్టెలో వచ్చాం. గుస్సాడి కట్టమన్నారు. మే నెల. మాతో వచ్చిన తాత నిర్వాహకుడిని చూసి నవ్వాడు. "దీపావళి లేకుండ గుస్సాడి ఎట్ల కడ్తం బిడ్డా? ఆ టోపీ దేవునిది" అన్నాడు. సర్కారు సభల్లో, పెద్దపెద్ద ఉత్సవాల్లో గుస్సాడి ఆడినవాళ్లు మనలో ఉన్నారు, వాళ్లను మేము తప్పు పట్టం. వాళ్ల వల్లే ఆ ఆట పేరు దేశానికి తెలిసింది. కానీ ఆ రోజు తాత ఒప్పుకోలేదు. ఈకలు లేకుండా డోలు కొట్టి, ధింసా ఆడి దిగాం.

పది రోజుల ఆ శిబిరంలో అవతలివాళ్లు ఒకరికొకరు వంట నేర్పుకున్నారు, పాటలు నేర్పుకున్నారు, ఒక బడి గోడకు రంగులు వేశారు, రాత్రిళ్లు యుద్ధాల గురించీ ఉద్యోగాల గురించీ వాదించుకున్నారు. మాకు దక్కింది నలభై నిమిషాలు, ఒక శాలువా, ఒక గ్రూప్ ఫొటో. మేము ఆ శిబిరంలో సభ్యులం కాదు, కార్యక్రమంలో ఒక అంశం. ఒక్క విదేశీ కుర్రాడు మాత్రం ఆట అయ్యాక మా దగ్గరికి వచ్చి కూర్చుని, డోలుకు ఏ తోలు కడతారు, ఎవరు కడతారు అని అడిగాడు. మా పిల్లల్లో ఒకడు అతని చేతులు పట్టుకుని దెబ్బ ఎలా పడాలో చూపించాడు. అంతలో బస్సు వచ్చిందని పిలిచారు.

మార్పిడి అనే మాటకు పల్లెల్లో ఇంకో వాడుక ఉంది. ఈ ఇంటి పిల్లను ఆ ఇంటికిచ్చి, ఆ ఇంటి పిల్లను ఈ ఇంటికి తెచ్చుకుంటే కుండమార్పు పెళ్లి అంటారు. ఒకవైపే పిల్లను పంపి దాన్ని కుండమార్పు అంటే నవ్వుతారు.

ఇంటికొచ్చాక మేము ఈ శిబిరాల చరిత్ర వెతికాం. కోపంతోనే మొదలుపెట్టాం, కానీ దొరికింది వేరు. ఇలాంటి శిబిరాలకు మూలం చూసిపోవడం కాదు, మట్టి మోయడం. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక, 1920లో, ఫ్రాన్స్‌లోని వెర్దున్ దగ్గర ఎస్న్ అనే ఊళ్లో స్విట్జర్లాండ్ ఇంజనీరు పియర్ సెరెసోల్ కొద్దిమందిని కూడగట్టి, బాంబులకు కూలిపోయిన ఇళ్లను మళ్లీ కట్టే పనికి దిగాడు. ఆ గుంపులో జర్మన్లు కూడా ఉన్నారు. ఆ ఊరిని కూల్చిన సైన్యం ఏ దేశానిదో ఆ దేశపు మనుషులే అక్కడ రాళ్లు మోశారు. స్థానికంగా వ్యతిరేకత రావడంతో కొన్ని నెలలకే ఆ పని ఆపేయాల్సి వచ్చింది. అయినా దాని నుంచే సర్వీస్ సివిల్ ఇంటర్నేషనల్ అనే సంస్థ పుట్టింది. మాకు ఆ ఆలోచన నచ్చింది. చేసిన నష్టానికి చేతులతో బదులు తీర్చడం మనకు కొత్త కాదు.

అదే సెరెసోల్ మన దేశానికీ వచ్చాడు. 1934 జనవరి 15న బిహార్‌ను భూకంపం కుదిపేసింది. ఆ ఏడాదే ఆయన కొద్దిమంది తోటివాళ్లతో వచ్చి ముజఫర్‌పూర్ ప్రాంతంలో ఊళ్లు తిరిగి కట్టే పనిలో చేరాడు. వరద ముంచే చోటు నుంచి ఎత్తైన చోటికి ఊరిని మార్చే పని అది. 1937 దాకా ఆ పని సాగింది.  తర్వాత 1961 నుంచి 1976 దాకా అమెరికా పీస్ కోర్ యువకులు కోళ్ల పెంపకం, వ్యవసాయం, బడి పనులంటూ మన పల్లెల్లో ఉన్నారు. ఇటు మన యూనివర్సిటీల్లో గాంధీ శతజయంతి ఏడాది, 1969 సెప్టెంబర్ 24న, 37 విశ్వవిద్యాలయాల్లో 40 వేల మంది విద్యార్థులతో ఎన్‌ఎస్‌ఎస్ మొదలైంది. 'నేను కాదు, నువ్వు' అనేది దాని నినాదం. ఏడు రోజుల ప్రత్యేక శిబిరం ఆ పథకంలో భాగమే. మన ఊళ్లకు వచ్చి ఇంకుడు గుంతలు తవ్వి, మొక్కలు నాటి, సర్వే ఫారాలు నింపుకుని పోయే కాలేజీ పిల్లలు ఆ పద్ధతిలో వచ్చినవాళ్లే. హైదరాబాద్ యూనివర్సిటీ 1998 నుంచి విదేశీ విద్యార్థులకోసం స్టడీ ఇన్ ఇండియా ప్రోగ్రామ్ నడుపుతోంది. అంటే ఈ జంటనగరాలకు చదువు కోసం, సేవ కోసం పరదేశి పిల్లలు రావడం కొత్త ఏమీ కాదు.

సికింద్రాబాద్ పుట్టుకే పరదేశీలతో ముడిపడింది. బ్రిటిష్ సైన్యం విడిది చేసిన చోటుకు 1806లో నిజాం సికందర్ జా పేరు పెట్టారు. ఆ దండులో పనిచేసిన డాక్టరు రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న బేగంపేటలో దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ భవనానికి ఇప్పటికీ ఆయన పేరే. మలేరియాతో పిల్లల్ని పోగొట్టుకున్న మా ఊళ్ల నుంచి చూస్తే అది గొప్ప మేలు, కాదనం. కానీ ఆ దోమలు కుట్టింది ఎవరిని? హుసేన్ ఖాన్ అనే జ్వరపు రోగిని. దోమకు ఒక అణా చొప్పున అతనికి ఇచ్చారు. అతని రక్తం లేకుండా ఆ కనుగొనడం లేదు. హుసేన్ ఖాన్ పేరు మీద ఏ వీధీ ఉన్నట్టు మేము వినలేదు. ఇచ్చిన చెయ్యి మరుగున పడడం ఈ నగరంలో పాత అలవాటే.

దీనికి ఎదురుగా నిలిచే కథ మా దగ్గరే ఉంది. అది మార్లవాయి కథ. ఇది చాలామంది పాడి పాడి అరగదీసిన కథ కనుక జాగ్రత్తగా చెబుతాం.

క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ వియన్నాలో 1909లో పుట్టాడు. రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యే నాటికి ఇండియాలో ఉన్నాడు. జర్మన్ పాస్‌పోర్టు ఉన్నందున నిజాం రాజ్యం దాటి పోకుండా ఆంక్ష పెట్టారు. 1940లో చెంచుల మధ్య, ఆ తర్వాత గోదావరి కొండల రెడ్ల మధ్య, ఆపైన మా గోండుల మధ్య పనిచేశాడు. మా దగ్గరికి ఆయన ఊరికే రాలేదు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీంను నిజాం పోలీసులు చంపారు. భూమి కోసం, అడవి కోసం ఆ తిరుగుబాటు ఎందుకు వచ్చిందో తెలుసుకోవాలని ప్రభుత్వానికి అప్పుడు అనిపించింది. అందుకు పంపింది ఈయనను. భీం ప్రాణం ఇవ్వకపోతే ఆ నివేదిక లేదు, ఆ తర్వాత వచ్చిన పట్టాలూ లేవు. హైమెన్‌డార్ఫ్‌ను తలచుకునే ప్రతిచోటా ముందు భీంను తలచుకోవాలని మేము అనడం అందుకే.

అయినా ఆయన చేసిన ఒక పనిని టీచర్లు ప్రత్యేకంగా గమనించాలి. ఆయనా, భార్య బెట్టీ ఎలిజబెత్తూ మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నారు. 1943లో అక్కడ గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. బయటి పంతుళ్లను తెచ్చి మనకు చదువు చెప్పించాలనుకోలేదు. నాలుగక్షరాలు తెలిసిన గోండులనే వెతికి పట్టుకుని, వాళ్లనే పంతుళ్లను చేసి ఊళ్లకు పంపారు. అక్షరాలు దేవనాగరివి, భాష మాత్రం గోండి. గోండిలో వాచకాలు వేశారు. మన భాషలో మన మనిషి, మన ఊళ్లో బడి చెప్పడం అప్పుడు జరిగింది. ఆ తర్వాత ప్రభుత్వాలు మారాయి, రాష్ట్రాలు మారాయి, గోండి వాచకాలు మూలపడ్డాయి. ఇవాళ ఆశ్రమ పాఠశాలలో ఒకటో తరగతి పిల్ల తెలుగు అర్థంకాక కళ్లు తేలేసినప్పుడు, 1943లో సాధ్యమైనది ఇప్పుడు ఎందుకు కాదని అడగాల్సింది మనమే.

హైమెన్‌డార్ఫ్ 1949 దాకా ఉస్మానియాలో ఆంత్రోపాలజీ చెప్పి లండన్ వెళ్లిపోయాడు. అక్కడితో ఆగితే ఆయన కూడా చూసిపోయినవాళ్ల జాబితాలోనే ఉండేవాడు. 1970లలో తిరిగొచ్చాడు. అప్పుడు ఇప్పించిన భూములు మళ్లీ ఎలా చేయిజారాయో ఊరూరా తిరిగి చూశాడు. 1982లో ఆ సంగతులతో పుస్తకం వేశాడు. బెట్టీ 1987 జనవరి 11న చనిపోతే మార్లవాయిలోనే సమాధి చేశారు. ఆయన 1995లో లండన్‌లో పోయాడు. 2012లో ఆయన అస్థికలు కూడా తెచ్చి ఆమె పక్కనే పెట్టారు. ఏటా జనవరి 11న అక్కడ మనవాళ్లు గుమికూడతారు. ఆయన తన కొడుక్కి మార్లవాయి పటేల్ లచ్చు పేరు కలిపి పెట్టుకున్నాడు. పేరు ఇచ్చిపుచ్చుకోవడం, మట్టిలో చోటు ఇచ్చిపుచ్చుకోవడం మనకు అర్థమయ్యే లెక్క.

కానీ ఇక్కడా బాకీ పూర్తిగా తీరలేదు. ఆయన తీసిన ఫొటోలు, ఫిల్ములు లండన్‌లో సోయాస్ అనే విద్యాసంస్థలో ఉన్నాయి. చాలా ఫొటోలు ఇప్పుడు ఫోన్‌లోనే చూడొచ్చు. మా తాతలు, ముత్తవ్వలు అక్కడ నవ్వుతున్నారు. చాలాచోట్ల కింద ఊరి పేరు, తెగ పేరు ఉంటుంది. మనిషి పేరు ఉండదు. ఆ ముఖాలు గుర్తుపట్టగల ముసలివాళ్లు ఇంకా కొద్దిమందే ఉన్నారు. ఏటా ఒకరిద్దరు పోతున్నారు. మార్లవాయిలోనే పుట్టిన గుస్సాడి కనకరాజు తాత 2021లో పద్మశ్రీ అందుకుని 2024లో వెళ్లిపోయాడు. ఆయన పిల్లలకు ఆట నేర్పాడు, కనుక ఆట మిగిలింది. ఆయన తలలో ఉన్న పేర్లు ఎన్ని రాసుకున్నాం మనం?

అలా రాసుకుంటే ఏమవుతుందో గుంజాల ఊరు చూపించింది. నార్నూరు మండలంలోని ఆ ఊళ్లో పెద్దలు దాచుకున్న రాతప్రతులు, హైదరాబాద్ యూనివర్సిటీ నుంచి వచ్చినవాళ్లతో కలిసి కూర్చుని చదివితే, మన సొంత లిపి బయటపడింది. 2018లో అది యూనికోడ్‌లో చేరింది. అందులో యూనివర్సిటీవాళ్లు వినేవాళ్లు, గుంజాల పెద్దలు చెప్పేవాళ్లు. శిబిరం అంటే అలా ఉండాలని మాకు అనిపిస్తుంది.

సికింద్రాబాద్ నుంచి తిరిగొచ్చిన రాత్రి రైల్లో తాత ఒక మాట అన్నాడు. "మనం పోయినం. ఇగ ఆళ్లు రావాలె గద?" మేము నవ్వాం గానీ ఆ మాట వదల్లేదు. తర్వాతి ఏడు అదే తరహా శిబిరం నుంచి మళ్లీ పిలుపు వచ్చినప్పుడు బదులు రాశాం. వస్తాం, కానీ చివరి సాయంత్రానికి కాదు, మొదటి రోజు నుంచి. మా ఇద్దరు డిగ్రీ విద్యార్థులను, ఒక టీచరును శిబిరంలో సభ్యులుగా రాసుకోండి. వాళ్లు కూడా గోడకు రంగు వేస్తారు, వాదిస్తారు, వంట చేస్తారు. శిబిరంలో ఒక పూట లండన్ ఫొటోలు పెద్ద తెరమీద వేయండి, మా వెంట ఇద్దరు ముసలివాళ్లు వస్తారు, మీ పిల్లలు పేర్లు రాసుకోవాలి. ఇంగ్లీషు రాసే పని విదేశీ పిల్లలది, గోండి రాసే పని మాది.

మా బడి పిల్లలతో ఒక నోటుపుస్తకం కూడా పెట్టించాం. ఊరికి వచ్చే ప్రతి శిబిరం మనుషులు మనల్ని ప్రశ్నలు అడుగుతారు, కాబట్టి మనం వాళ్లను అడిగేవి అందులో రాయాలి. ఐదో తరగతి పిల్ల మొదటి ప్రశ్న రాసింది: మీ ఊళ్లో మీ తాతల ఆట మీకు వచ్చా?

మేము రాసిన ఉత్తరంలో చివరి పేరా ఇది. గుస్సాడి చూడాలనుకుంటే దీపావళికి ముందు రండి. సికింద్రాబాద్‌లో భాగ్యనగర్ ఎక్కి ఆసిఫాబాద్ రోడ్‌లో దిగితే మావాళ్లు ఉంటారు. అన్నం, చోటు మాది. రాత్రికి చలి మొదలవుతుంది, దుప్పట్లు తెచ్చుకోండి. ఏదో ఒక ఆట నేర్చుకుని రండి, ఎందుకంటే మీ వంతు వచ్చినప్పుడు మీరూ ఆడాల్సి ఉంటుంది.