‘టేక్’ అను చిన్నమాట చరిత్ర

మా ఐరాలలో నా బాల్యమున వినిన సంగతి యొకటి మనవి చేసెదను. మా తాతగారి యన్నగారికి ఒక న్యాయస్థానమునుండి ఇంగ్లీషు కాగితము వచ్చెను. అందు ‘టేక్ నోటీస్’ అని యుండెను. నాలుగక్షరములు నేర్చిన యొకరు దానిని చదివి, “టేక్ అనగా తీసికొనుము. నోటీసు తీసికొమ్మని వ్రాసినారు. మీరు తీసికొనియే యున్నారు గదా, ఇక పనియేమున్నది?” అని చెప్పిరట. పెద్దాయన దానిని దూలపు సందున చెక్కి నిశ్చింతగా నుండెను. వాయిదా దాటినది. ఆయన పరోక్షముననే వ్యాజ్యము తీర్పయ్యెను. చెరువుక్రింది రెండు కయ్యలు పోయెను.

ఆ మాటలకు ‘ఇందుమూలముగ తెలిసికొనవలయును’ అని యర్థము. 1908వ సంవత్సరపు సివిలు ప్రొసీజరు కోడులోని సమను నమూనాయందు ఈ మాటల వెంటనే, నాటికి హాజరు గాకున్న విచారణ మీరు లేకయే జరుగునన్న హెచ్చరిక యున్నది. ముఖ్యమైనది ఆ తరువాతి మాట. చదివినవారు మొదటి మాటకడనే ఆగిరి.

ఇంత చిక్కు తెచ్చిన ఈ ‘టేక్’ ఇంగ్లీషువారి సొంతమాట కాదు. పూర్వము వారు ‘తీసికొను’ అనుటకు ‘నిమన్’ అనెడివారు. 793లో ఉత్తరసముద్రపు నావికులు లిండిస్‌ఫార్న్ మఠమును దోచిరి. 865లో డేనుల పెద్దసైన్యము దిగెను. 878లో ఆల్ఫ్రెడ్ రాజు వారిని గెలిచినను, తూర్పు ఉత్తర భాగములు చాలవరకు వారిచేతనే యుండెను. దోచవచ్చినవారు దున్నుకొని నిలిచిరి, ఇరుగుపొరుగైరి, వియ్యమందిరి. వారి ‘టాక’ అను మాట సుమారు 1100 నాటికి ఇంగ్లీషు వ్రాతల కెక్కి, క్రమముగ ‘నిమన్’ను వెడలగొట్టెను. ‘టేక్’ భూతకాలమున ‘టుక్’ అగుటయు నార్సుభాషనుండి వచ్చినదే. అచట అది ‘టోక్’. పాతమాట జాడ ‘నంబ్’ అను పదమున మిగిలినది. స్పర్శ తెలియని యవయవమునకు ఆ పేరు. పట్టివేయబడినదని దాని మొదటి యర్థము.

మనమును పరులమాటలు గైకొంటిమి. 1801లో కర్ణాటకదేశము ఆర్కాటు నవాబు చేతినుండి కుంపిణీచేతికి పోవుటకు ముందే వసూలు, జప్తు, దాఖలు, జామీను మన కచ్చేరీలలో నిలిచినవి. కాని వానికి మన ‘చేయు’, ‘ఇచ్చు’ తగిలించి వసూలు చేయుట, జామీను ఇచ్చుట అంటిమి. నామము పరులది, క్రియ మనది. ఇంగ్లీషువారు దినమునకు నూరుమార్లు పలుకు క్రియనే పొరుగువారినుండి తెచ్చుకొనిరి.

అట్టి నిత్యపుమాటకు అర్థములు పెరుగుట సహజము. మందును టేక్ చేసిన పుచ్చుకొనుట. కాలమును టేక్ చేసిన పట్టుట. ప్రమాణమును టేక్ చేసిన చేయుట. బండిని టేక్ చేసిన ఎక్కుట. ‘టేక్ కేర్’ అనగా జాగ్రత్తపడుట. ‘టేక్ ప్లేస్’ అనగా జరుగుట. ‘టేక్ ఆఫ్టర్’ అనగా పోలిక వచ్చుట. ఇది మనకు వింత కాదు. మన ‘కొను’కు మొదట గ్రహించుటయే యర్థము, చేకొను, గైకొను అనుటలో అది నేటికిని కలదు. అంగడిలో అది వెలయిచ్చి పుచ్చుకొనుట. తెలిసికొను, ఊరకొను అనుచోట చేతికి దొరకునది యేదియు లేదు. ‘ఊరకొనెను’ అనగా ఊరిని కొనెనని యెవడైన చెప్పిన నవ్వుదుము. ‘టేక్ నోటీస్’కు మావారు చెప్పిన యర్థము అట్టిదే, కాని నవ్వుటకు నాడు తెలిసినవారు లేకపోయిరి.

కావున పెద్దలారా, చిన్నమాటకు ఒంటిగా అర్థము లేదు. తోడిమాటలే దాని కర్థము చెప్పును. తెలియని భాషలో కాగితము వచ్చినపుడు మాటకు మాట అడుగకుడు. తేదీ యేది? పోవలసిన చోటేది? పోకున్న నేమగును? ఈ మూడును తేలువరకు ఆ కాగితమును దూలమున చెక్కకుడు.