గురి కుదిరిన మాట
రైఫిలుపై బిగించే దుర్భిణిని, అంటే స్కోపును, ‘జీరో చేయటా’న్ని ‘సున్నా చేయటం’ అని తెనిగిస్తే ఉన్నదాన్ని తుడిచివేసే అర్థం వస్తుంది గాని, నిజానికి అక్కడ సున్నాకు చేర్చేది నిర్ణీత దూరంలో గురిచూసిన చోటుకూ తూటా తగిలిన చోటుకూ నడుమ ఉన్న తేడాను మాత్రమే. చాలా స్కోపుల్లో మర ఒక్క క్లిక్కు తిరిగితే 100 మీటర్ల వద్ద తగిలే చోటు సుమారు 7 మిల్లీమీటర్లు జరుగుతుంది. సంస్కృత ‘శూన్యం’ భావం అరబ్బీలో ‘సిఫ్ర్’ అయి, ఇటలీ మీదుగా ‘జీరో’గా తిరిగివచ్చేనాటికి, ప్రాకృతం దారిన చేరిన ‘సున్న’ తెలుగింట స్థిరపడే ఉంది. అయితే ఈ పనికి ఆ రెండింటికన్నా ‘గురి కుదుర్చటం’ నప్పుతుంది. పూర్వం శకటరేఫతో ‘గుఱి’ అని రాసిన ఈ ద్రావిడపదానికి తమిళ ‘కుఱి’ తోబుట్టువు కనుక, తమిళనాడు ధర్మపురి ప్రాంతపు తెలుగువారికి ఇంటిమాటా సంతమాటా ఇక్కడ దాదాపు ఒకటే. తమిళపదం లక్ష్యాన్నీ చిహ్నాన్నీ కూడా చెబుతుండగా, తెలుగులో చిహ్నం ‘గుఱుతు’ పాలై, గురికి లక్ష్యమూ, ‘గురువు మీద గురి’ అన్నప్పటి నమ్మకమూ మిగిలాయి. ‘ప్రమాదానికి గురయ్యాడు’ అన్నప్పుడు మనిషే లక్ష్యమవుతాడు. ‘సంతోషానికి గురయ్యారు’ అని రాసేవారు ఆ సంతోషాన్ని తూటాగా మారుస్తున్నారు.