మెట్ల మీద గమకం

మా గోనెగండ్ల వైపు పెళ్లి ఊరేగింపుల్లో క్లారినెట్ విని పెరిగినవాళ్లకు సీమదేశపు వాద్యం మన పాట పలకడం వింతేమీ కాదు. కర్ణాటక సంగీత కచేరీ వేదిక లెక్క వేరు. అక్కడ ఫిడేలుకు చోటు దొరికి, దాన్ని ఆ సంగీతంలోకి తెచ్చిన బాలుస్వామి దీక్షితార్ కాలం నుంచి లెక్కేస్తే, రెండు వందల ఏళ్లు. మాండలిన్‌కు మాత్రం 1970లు దాటాల్సి వచ్చింది.

పుట్టిల్లు ఇటలీ. అక్కడి నేపుల్స్‌లో 18వ శతాబ్దంలో ఇప్పటి రూపానికి వచ్చింది: ఎనిమిది తీగలు, రెండేసి చొప్పున నాలుగు జతలు. శ్రుతి ఫిడేలుదే. చిక్కల్లా మెట్లతోనే: స్వరాన్ని ఊపి పలికే గమకానికి అవి అడ్డు. వీణకూ మెట్లున్నాయి కదా అనొచ్చు. కానీ వీణ తీగ పొడుగు. మెట్టు మీద పక్కకు లాగితే స్వరం ఊగుతుంది. మాండలిన్ తీగ పొట్టిది, బిగువు ఎక్కువ. జంట తీగలను ఒకే కొలతలో లాగడం మరీ కష్టం. పైగా మీటిన నాదం ఇట్టే ఆరిపోతుంది. అందుకే సినిమా పాటల్లో, లలిత సంగీతంలో గడగడా మీటే పనికి పరిమితమైంది.

పశ్చిమ గోదావరి పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ చేతికి వచ్చింది తండ్రి సత్యనారాయణ మాండలిన్. పిల్లవాడి చేతివాటం చూసి, తండ్రికి గురువైన రుద్రరాజు సుబ్బరాజు పాఠం మొదలుపెట్టారు. ఆయన చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడు, గాత్రం మనిషి. మాండలిన్ వాయించడం తెలియదు. ఆయన పాడేవారు, పిల్లవాడు విన్నది వాయించేవాడు.

నా మటుకు అసలు మలుపు అదే. గురువుకు మాండలిన్ వచ్చి ఉంటే మాండలిన్ అలవాట్లే నేర్పేవారు. రాదు కాబట్టి వేళ్లు గొంతు వెంట పడ్డాయి. శ్రీనివాస్ తర్వాత ఎంచుకున్న వాద్యం కూడా ఆ దారినే కుదిరింది: జంట తీగలు పోయి అయిదు ఒంటి తీగలు, పైన విద్యుత్తు. తీగ లాగడానికి లొంగింది, నాదం నిలిచింది.

జాజ్‌లోనూ ఇలాంటిదే జరిగింది. బ్యాండులో గిటార్ చాలాకాలం తాళానికి తోడుగా ఉండేది, బాకాల మోతలో వినబడేదే కాదు. 1939లో బెన్నీ గుడ్‌మన్ బృందంలో చేరిన చార్లీ క్రిస్టియన్ ఎలక్ట్రిక్ గిటార్ మీద శాక్సఫోన్ లాగా పొడుగాటి వరసలు పలికించాడు. ఆ తర్వాతే గిటార్ ముందు వరసకొచ్చింది. కరెంటు శాస్త్రీయతను చెడగొడుతుందనే వాళ్లకు ఈ రెండు కథలూ చెప్పాలనిపిస్తుంది.

1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో శ్రీనివాస్ తొలి కచేరీ. తర్వాత మద్రాసు, అక్కడ పెదవి విరిచినవాళ్లూ ఉన్నారు, విన్నాక మెత్తబడినవాళ్లూ ఉన్నారు. 1983లో, పద్నాలుగేళ్ల వయసులో, శ్రీనివాస్ బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించాడు. జాజ్ శ్రోతలకు త్యాగరాజు పేరు తెలియకపోయినా, అప్పటికప్పుడు స్వరాలు అల్లే మన కల్పనస్వరం కొత్తదేమీ కాదు. వాళ్ల వాద్యకారుడు పాటలోని స్వరసంపుటుల చుట్టు మీద అప్పటికప్పుడు అల్లుకుంటూ పోయి మళ్లీ మొదటికి వస్తాడు. మనవాడు తాళంలో లెక్క కట్టి ఎత్తుగడ దగ్గర దిగుతాడు. దారి వేరు, కానీ దిగే చోటు తప్పితే ఇద్దరి పరువూ పోతుంది.

ఆ పోలిక అసలు సంభాషణగా మారింది ‘రిమెంబర్ శక్తి’ బృందంలో. గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్, తబలా జాకిర్ హుస్సేన్ పక్కన శ్రీనివాస్ కూర్చున్నాడు. ఒకరు విసిరిన స్వరాల ముక్కను ఇంకొకరు అందుకుని, మలిచి, తిరిగి విసరడం. వాళ్ల ‘సాటర్‌డే నైట్ ఇన్ బాంబే’ ఆల్బం వింటే ఎవరు అడుగుతున్నారో ఎవరు బదులిస్తున్నారో కాసేపటికి తేల్చుకోలేం.

2014 సెప్టెంబర్ 19న చెన్నైలో శ్రీనివాస్ కన్నుమూశాడు. వయసు 45. తమ్ముడు రాజేష్‌దీ మాండలినే. 2008లో వచ్చిన మెక్‌లాఫ్లిన్ ‘ఫ్లోటింగ్ పాయింట్’ ఆల్బంలో వినిపించేది అతని చెయ్యే.