కలకండ నుంచి క్యాండీ దాకా

డిసెంబరు నెల వచ్చిందంటే మా వీధిలో రెండు వాసనలు మొదలవుతాయి. ముందు పక్కింటి అక్కగారి క్రిస్మస్ కేకు, ఆ తర్వాత మూడు వారాలకి మా ఇంటి సంక్రాంతి అరిసెలు. క్రిస్మస్ రోజు పొద్దున్నే వాళ్ళింటి నుంచి పళ్ళెం వస్తుంది. అందులో కేకు ముక్కలతో పాటు గులాబీ పువ్వులు, చక్రాలు, అరిసెలు ఉంటాయి. మన వైపు క్రిస్మస్‌కి కేకు ఒక్కటే ఉంటే సరిపోదు కదా, పిండివంటలు లేనిదే అదేం పండగ! ఆ పళ్ళెం నేను ఖాళీగా తిరిగి ఇవ్వను. సంక్రాంతికి అరిసెలు, నువ్వుండలు పెట్టి ఇస్తాను. ఇరవై ఏళ్ళుగా ఇదే వరస.

పోయిన ఏడాది మా అమ్మాయి హాస్టల్ నుంచి సెలవులకి వచ్చి, “అమ్మా, ఈసారి పండక్కి క్యాండీలు, కుకీలు మనమే చేద్దాం. అరిసెలు స్వగృహలో కొనేద్దాంలే, నీకెందుకు శ్రమ?” అంది.

పిల్ల ప్రేమతోనే అంది. కానీ నాకు చురుక్కుమంది. ఎందుకంటే అంతకు ముందు ఏడాది, మా అమ్మ పోయాక వచ్చిన మొదటి సంక్రాంతికి, నేను వేసిన అరిసెలు నూనెలో విచ్చిపోయాయి. పాకం లేతగా దించేశాను. అమ్మ ఉన్నన్నాళ్ళూ పాకం చూసేది ఆవిడే. నేను పిండి దంచడానికి, అరిసెలు వత్తడానికి మాత్రమే. నలభై దాటినా పాకం దగ్గర నేను చిన్నపిల్లనే. ఆవిడతో పాటే ఆ విద్య వెళ్ళిపోయిందని ఆ రోజు పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చాను.

సరే, క్యాండీ సంగతికి వద్దాం. చదివింది బి.ఏ. తెలుగు కదా, మాట వినగానే దాని పుట్టుక వెతకడం నాకు అలవాటు. క్యాండీ అనగానే మనం ఇంగ్లీషు మాటనుకుంటాం. నిజానికి అది మన దగ్గర నుంచే బయల్దేరింది. సంస్కృతంలో ఖండం అంటే ముక్క. పాకం గడ్డకట్టి ముక్కలైతే దాన్నీ ఖండమే అన్నారు. అది పర్షియా వెళ్ళి కంద్ అయింది, అరబ్బుల మీదుగా, ఫ్రెంచి వాళ్ళ మీదుగా తిరిగి ఇంగ్లీషులో క్యాండీ అయింది. మన కలకండలో ఉన్నదీ ఆ ఖండమే. ఇంకో తమాషా, శర్కర అంటే మొదట ఇసుక, గులకరాయి అనే అర్థం. పలుకులు పలుకులుగా ఉంటుందని చక్కెరకి ఆ పేరు పెట్టారు. తెలుగు చక్కెర, అరబ్బుల సుక్కర్, ఇంగ్లీషు షుగర్ అన్నీ ఆ శర్కర పిల్లలే.

చెరకు మాత్రం మనది కాదు. అది మొదట సాగయింది న్యూగినీ దీవిలో. అక్కడి నుంచి దీవులు దాటుకుంటూ మన దేశానికి వచ్చింది. అక్కడ దాన్ని నమిలి రసం మింగేవారు. రసాన్ని కాచి, గడ్డకట్టించి, పలుకులు చేసే విద్య మాత్రం మన దేశంలో ఎదిగింది. క్రీ.పూ. 4వ శతాబ్దంలో అలెగ్జాండర్ వెంట వచ్చిన నౌకాధిపతి నియర్కస్, ఈ దేశంలో తేనెటీగలు లేకుండానే తేనె ఇచ్చే రెల్లు ఉందని ఆశ్చర్యపోయాడు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో తీపి సరుకుల జాబితాలో బెల్లం, ఖండం, శర్కర వేర్వేరుగా కనిపిస్తాయి. అంటే ఏ పాకం ఎంత కాగితే ఏమవుతుందో అప్పటికే తెలుసన్నమాట. 647లో చైనా చక్రవర్తి తాయ్‌జోంగ్ చక్కెర చేసే పద్ధతి నేర్చుకు రమ్మని మగధకి మనుషుల్ని పంపించాడు. ఇప్పుడు మనం యూట్యూబ్‌లో వెతికేదాని కోసం ఒక చక్రవర్తి రాయబారుల్ని పంపాడు!

యూరప్‌లో చాలాకాలం చక్కెర మందుల దుకాణంలో దొరికే సరుకు. రాజుల విందుల్లో తప్ప కనిపించేది కాదు. 1493లో కొలంబస్ తన రెండో ప్రయాణంలో చెరకు మొక్కలు కరేబియన్ దీవులకి తీసుకెళ్ళాడు. అక్కడి నుంచి కథ చేదెక్కింది. ఆఫ్రికా నుంచి లక్షల మందిని బానిసలుగా పట్టుకెళ్ళి చెరకు తోటల్లో వంచారు. ఆ చాకిరీ మీదే చక్కెర చవకై, క్రిస్మస్ కేకులూ మిఠాయిలూ యూరప్‌లో మామూలు ఇళ్ళకి అందాయి.

1833లో బ్రిటిష్ పార్లమెంటు బానిసత్వాన్ని రద్దు చేస్తూ చట్టం చేసింది. మరి చెరకు నరికేదెవరు? అప్పుడు మనవాళ్ళ మీద పడ్డారు. 1834 నుంచి మారిషస్‌కి, 1860 నుంచి దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కి ఒప్పందపు కూలీలుగా ఓడలెక్కించారు. నాటాల్‌కి మొదటి ఓడ మద్రాసు నుంచే బయల్దేరింది. వెళ్ళినవాళ్ళలో మన తెలుగువాళ్ళూ ఉన్నారు, ఆడవాళ్ళూ ఉన్నారు. చెరకు చేలో కలుపు తీసి, ఆకు దూసి, పిల్లల్ని గట్టున పడుకోబెట్టుకుని బతికారు. వాళ్ళ మనవలు, మునిమనవలు ఇప్పటికీ మారిషస్‌లో ఉగాది చేసుకుంటారు. ఆ రోజు అక్కడ దేశమంతటికీ సెలవు.

మా అమ్మది కాకినాడ వైపు ఊరు. చిన్నప్పుడు కోరంగి మీదుగా వెళ్తుంటే, “ఒకప్పుడు ఇక్కడి నుంచి ఓడలు వెళ్ళేవిట” అనేది. 1839 తుఫానుకి దెబ్బతిన్న ఆ రేవు ఇప్పుడు మడ అడవి పక్కన ఒక ఊరు, అంతే. చెంచా పంచదార తీసినప్పుడు అదంతా గుర్తుంచుకోమని నేననను. కానీ మన డబ్బాలో ఉన్నది అంత దూరం తిరిగొచ్చిందని తెలిస్తే చేతికి కాస్త మర్యాద వస్తుంది.

ఇక కేకు. మన దేశంలో మొదటి క్రిస్మస్ కేకు 1883లో కేరళలోని తలస్సేరిలో తయారైందని చెబుతారు. ముర్డోక్ బ్రౌన్ అనే తోటల దొర ఇంగ్లండు నుంచి తెచ్చిన కేకు ముక్క చూపించి అలాంటిది చేయమంటే, మాంబల్లి బాపు అనే బేకరీ యజమాని స్థానికంగా దొరికిన సరుకులతో చేసి మెప్పించాడట. ఈ కథలో చేసినవాడి పేరుంది. ఇళ్ళల్లో చేసినవాళ్ళ పేర్లు ఎక్కడున్నాయి? పక్కింటి అక్కగారి అమ్మగారు గిన్నెలో ఇసుక పోసి, కింద నిప్పులు, మూత మీద నిప్పులు పెట్టి కేకు చేసేవారట. అక్కగారు పెళ్ళయిన కొత్తలో విజిల్, గ్యాస్కెట్ తీసేసి కుక్కర్‌లో ఇసుక మీద చేశారు. ఇప్పుడు ఓవెన్ ఉంది. ఒక్క ఇంట్లోనే ఇంత చరిత్ర! ఏ పుస్తకంలోనూ లేదు.

పోయిన సంక్రాంతికి మా అమ్మాయీ నేనూ ఒక ఒప్పందానికి వచ్చాం. ముందు తన క్యాండీ, తర్వాత నా అరిసెలు. తను పాకంలో పెట్టి వేడి చూసే థర్మామీటరు తెప్పించుకుంది. దాని వెంట ఒక కాగితం వచ్చింది. 106 నుంచి 112 డిగ్రీలు తీగ, 112 నుంచి 116 మెత్తని ఉండ, 146 దాటితే టక్కున విరిగే గట్టి పాకం. చల్లటి నీళ్ళలో చుక్క వేసి చూడమని కూడా ఉంది అందులో. చదువుతుంటే నా ఒళ్ళు జలదరించింది. మా అమ్మ చెప్పినవీ ఇవే కదా! తీగ పాకం, ఉండ పాకం, పల్లీ అచ్చుకి ముదురు పాకం. పళ్ళెంలో నీళ్ళు, అందులో చుక్క, రెండు వేళ్ళతో ఉండ. దేశం వేరు, భాష వేరు, పొయ్యి దగ్గర నిలబడ్డవాళ్ళ వేళ్ళు కనిపెట్టింది మాత్రం ఒకటే.

మర్నాడు బెల్లం పాకం పెట్టాను. తడిపిండి జల్లించి పక్కన పెట్టుకున్నాను. అమ్మాయి థర్మామీటరు పట్టుకుంది, నేను నీళ్ళ పళ్ళెం పట్టుకున్నాను. మొదటిసారి వేసిన చుక్క నీళ్ళలో కరిగిపోయింది. రెండోసారి జారింది. మూడోసారి వేళ్ళ మధ్య మెత్తగా ఉండ కట్టింది, పళ్ళెంలో దొర్లింది.

“ఎంతుందే?” అన్నాను.

“నూట పద్నాలుగు.”

దించేశాను. పిండి పోసి కలుపుతుంటే ఇద్దరం మాట్లాడుకోలేదు. మొదటి అరిసె నూనెలో వేసినప్పుడు మాత్రం ఊపిరి బిగబట్టాను. అది మునిగి, పైకి తేలి, పొంగింది. విచ్చిపోలేదు.

అమ్మ ఎప్పుడూ కొలతలు రాయలేదు. ఆవిడకి రాయాల్సిన అవసరం రాలేదు, మనమే పక్కన నిలబడి నేర్చుకుంటాం అనుకుంది. నేను ఆ రోజే ఒక నోటు పుస్తకం తీశాను. కిలో బియ్యానికి ఎంత బెల్లం, ఎన్ని గంటలు నానాలి, పాకం వేళ్ళకి ఎలా తగలాలి అన్నీ రాశాను. దాని పక్కన మా అమ్మాయి తన చేతిరాతతో 114 అని రాసింది. పైన ‘అమ్మమ్మ పాకం’ అని పేరు పెట్టింది. పక్కింటి అక్కగారిని అడిగి ఇసుక కేకు సంగతి కూడా రాయించుకున్నాను.

పండగ రోజు ఆవిడ పళ్ళెం తిరిగి ఇచ్చాను. అరిసెలు, నువ్వుండలు, మధ్యలో నాలుగు క్యాండీలు. “ఇవేంటమ్మా కొత్తగా?” అన్నారు.

“కలకండే అక్కా, ప్రపంచమంతా తిరిగి మన ఇంటికొచ్చింది” అన్నాను.