మూడు తెలిస్తే నాలుగోది

ఒక నిష్కంలో ఏడింట మూడు వంతులకు రెండున్నర పలాల కుంకుమపువ్వు వస్తే, 9 నిష్కాలకు ఎంత వస్తుంది? 1150లో భాస్కరాచార్యుడు ‘లీలావతి’లో ఇచ్చిన లెక్క ఇది. జవాబు 52న్నర పలాలు. ఆ నాణెమూ ఆ తూకమూ ఇప్పుడు లేవు. లెక్క మాత్రం అనులోమానుపాతం పేరుతో మన పిల్లల పుస్తకాల్లో ఉంది.

పూర్వం దాన్ని త్రైరాశికం అన్నారు. ఆర్యభటుడు 499 నాటి ‘ఆర్యభటీయం’లోనే ఆ సూత్రం చెప్పాడు. తెలిసిన రాశి ప్రమాణం, దానికి దక్కేది ఫలం, మనం కోరేది ఇచ్ఛ. ఫలాన్ని ఇచ్ఛతో గుణించి ప్రమాణంతో భాగిస్తే కావలసింది వస్తుంది. ప్రమాణమూ ఇచ్ఛా ఒకే జాతి రాశులై ఉండాలని 628లో బ్రహ్మగుప్తుడు స్పష్టం చేశాడు. సొమ్ముతో సొమ్మును, తూకంతో తూకాన్ని పోల్చాలన్నమాట. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు రాసిన ‘గణితసార సంగ్రహం’ పావులూరి మల్లన చేతుల్లో తెలుగు పద్యాలైంది. అలా ఈ లెక్కల విద్య మన భాషలోకీ వచ్చింది. అల్‌బిరూనీ త్రైరాశికంపై అరబ్బీలో ప్రత్యేకంగా ఓ గ్రంథమే రాశాడు. ఐరోపా వర్తకులైతే బంగారు సూత్రమన్నారు.

అయితే పూర్వులు సూత్రం చెప్పి ఊరుకోలేదు, అది ఎక్కడ చెల్లదో కూడా చెప్పారు. ‘లీలావతి’లోనే మరో లెక్క చూడండి. ఏడు ఆఢకాలు పట్టే పాత్రతో కొలిస్తే ధాన్యం 100 పాత్రలైంది. అయిదు ఆఢకాల పాత్రతో కొలిస్తే ఎన్ని? పాత్ర చిన్నదైతే కొలతలు పెరుగుతాయి కాబట్టి జవాబు 140. ఇది వ్యస్త త్రైరాశికం, నేటి విలోమానుపాతం. గుణించి భాగించే ముందే లెక్క ఏ జాతిదో గుర్తుపట్టాలన్నది వారి పాఠం.

17వ శతాబ్దంలో డెకార్ట్, ఫెర్మా బీజగణితాన్ని రేఖాగణితంతో కలిపాక ఆ గుర్తింపు కంటికి కనిపించే దారి దొరికింది. y = kx అనే సమీకరణానికి గీసే సరళరేఖ మూలబిందువు గుండా పోతుంది. ఆ బిందువు దగ్గర తప్ప, y ని x తో భాగిస్తే ఎక్కడైనా అదే k వస్తుంది. 3y − 12x = 0 చూడ్డానికి వేరుగా ఉన్నా, సర్దితే y = 4x అవుతుంది. కాబట్టి అది అనులోమమే. y = 4x + 5 కూడా సరళరేఖే, కానీ అనులోమం కాదు. x ఒకటైతే y 9, రెండైతే 13. x రెట్టింపైనా y రెట్టింపు కాలేదు.

పిల్లలు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. ఆటో ఎక్కగానే 30 రూపాయలు, ఆపై కిలోమీటరుకు 15 చొప్పున అనుకుందాం. రెండు కిలోమీటర్లకు 60, నాలుగింటికి 90. దూరం రెట్టింపైంది కదా అని 120 ఇస్తే నష్టపోతాం. ఆ మొదటి 30 రూపాయలే అనులోమాన్ని చెరిపేశాయి.

విష్ణువు జగమంతా నిండినట్టు త్రైరాశికం గణితమంతా నిండి ఉందని భాస్కరుడు భావించాడు. అంత గొప్ప సూత్రాన్ని అడ్డ గుణకారం చేసే చిట్కాగా కుదించి నేర్పడం అన్యాయం. ఈసారి మీ పిల్లలు రేఖీయ సమీకరణం ముందేసుకుని కూర్చుంటే, x సున్నా అయినప్పుడు y ఎంతని అడగండి. సున్నా అని వస్తేనే త్రైరాశికం వాడమనండి.